సాగర్ ఒడ్డున ఇల్లు: పేటను ఎంచుకునే తీరు

నీటి ఒడ్డున నివాసం అనగానే విశాఖపట్నం బీచ్ రోడ్డో, రాజమహేంద్రవరం గోదావరి గట్టో తలపుకు వచ్చినా, హైదరాబాదులో ఆ మాటకు చెరువు ఒడ్డు అనే అర్థమే ప్రధానం. ఈ నగరపు చెరువులు ప్రకృతి తానుగా ఇచ్చినవి కావు. వాగులకు అడ్డంగా మనుషులు కట్టలు పోసి నిలిపిన నీళ్లు. పై చెరువు నిండితే మిగులు నీరు కింది చెరువుకు చేరేలా వరుసగా ఏర్పరచిన ఈ అమరికను గొలుసుకట్టు అంటారు. నిండిన చెరువు నుంచి నీరు పొర్లిపోయే చోటును అలుగు అని, అవసరం మేరకు నీటిని వదిలే మార్గాన్ని తూము అని, నీరు నిలిచే పల్లపు నేలను శిఖం అని పాత రెవెన్యూ లెక్కల్లో ఇప్పటికీ రాస్తారు. ఇంటి కోసం వెతికే కుటుంబానికి ఈ నాలుగు మాటలు తెలిసి ఉంటే బ్రోకరు చూపించే రంగుల బొమ్మల పుస్తకం కంటే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే ఒక పేట మంచి చెడ్డలు అక్కడి నుంచి నీరు ఎంత అందంగా కనిపిస్తుందో దాన్నిబట్టి కాక, ఆ నీరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో దాన్నిబట్టి తేలతాయి.

అమీర్‌పేట, పంజాగుట్టల చుట్టూ ఉద్యోగమో వ్యాపారమో ఉండి, కాస్త ఖరీదైనా నీటికి దగ్గరగా స్థిరపడాలనుకునేవారి చూపు సహజంగా హుస్సేన్‌సాగర్ పడమటి ఒడ్డు మీదికి, అంటే సోమాజిగూడ, రాజ్‌భవన్ రోడ్డు, కుందన్‌బాగ్, బేగంపేటల మీదికి వెళుతుంది. ఇబ్రహీం కుతుబ్ షా పాలనలో, 1562 ప్రాంతంలో, మూసీ నది ఉపనది ఒకదాని మీద హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో నిర్మించిన ఈ చెరువు విస్తీర్ణం సుమారు 5.7 చదరపు కిలోమీటర్లు. పంజాగుట్ట కూడలి నుంచి రెండు మూడు కిలోమీటర్ల లోపే ఒడ్డు వస్తుంది కాబట్టి, ఈ పేటలన్నీ ఒకే కోవకు చెందినవని, ధరల్లో తేడా కేవలం దృశ్యంలో తేడా అని అనుకోవడం కద్దు. నిజానికి అర కిలోమీటరు దూరంలో ఉన్న రెండు వీధులు వాన కురిసిన రాత్రి రెండు వేర్వేరు ఊళ్లలా ప్రవర్తిస్తాయి.

కట్టకు ఏ వైపు

చెరువు ఒడ్డు అన్న మాటలో రెండు వేర్వేరు పరిస్థితులు కలిసిపోయి ఉన్నాయి. కట్టకు వెనుక, నీరు వచ్చి చేరే వైపు ఎగువ ప్రాంతం. కట్టకు ముందు, అలుగు నీరు పారే వైపు దిగువ ప్రాంతం. హుస్సేన్‌సాగర్ విషయంలో ట్యాంక్‌బండ్ అని పిలుచుకునే కట్ట తూర్పున ఉంది. దానికి దిగువన ఉన్న లోయర్ ట్యాంక్‌బండ్, దోమలగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలు నిండు చెరువు నీటిమట్టం కంటే పల్లంలో ఉన్నాయి. 2000 సంవత్సరం ఆగస్టు 24న బేగంపేట వాతావరణ కేంద్రంలో ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన నమోదైనప్పుడు సాగర్ మిగులు నీరు ఈ దిగువ కాలనీల మీదుగానే మూసీ వైపు పరుగు తీసింది. అటువంటి చోట ఇల్లు కొనేవారు కట్ట భద్రతతో పాటు మిగులు నాలా వెడల్పును, దాని ఒడ్డు గోడలను కూడా తమ ఇంటి భాగాలుగానే లెక్కించుకోవాలి.

పడమటి ఒడ్డుకు కట్ట తెగుతుందన్న భయం లేదు. పైగా ఇక్కడి భవనాల నుంచి చెరువు తూర్పు దిక్కున ఉంటుంది కాబట్టి బాల్కనీలోకి ఉదయపు ఎండ మాత్రమే వస్తుంది, ఏప్రిల్, మే నెలల సాయంకాలపు ఎండ వెనుక గోడల మీద పడుతుంది. అదే లోయర్ ట్యాంక్‌బండ్ వైపు నుంచి చెరువును చూసే ఇళ్లకు ఆ దృశ్యమంతా పడమటి ఎండతో కలిసే అందుతుంది. తూర్పున నీరు ఉండటం వాస్తుకు కూడా అనుకూలమని అమ్మేవారు తప్పకుండా గుర్తు చేస్తారు, దానికి విడిగా ధర కూడా కడతారు. గాలి సంగతి మాత్రం వారు అంతగా ప్రస్తావించరు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలులు పడమర నుంచి వీస్తాయి కనుక సాగర్ వాసన ఆ కాలంలో ట్యాంక్‌బండ్ దాటి అవతలికి పోతుంది. చలికాలంలో తూర్పు, ఆగ్నేయ దిశల నుంచి గాలి మళ్లినప్పుడు అదే వాసన సోమాజిగూడ, బేగంపేటల కిటికీల దాకా వస్తుంది. వానాకాలంలో ఒకసారి ఇల్లు చూసి, వాసన లేదని నిశ్చయించుకుని అడ్వాన్సు ఇచ్చినవారు డిసెంబరులో ఆశ్చర్యపోవడానికి కారణం ఇదే.

నాలాల దారి

పడమటి ఒడ్డుకు ఉన్న అసలు చిక్కు పైనుంచి దిగే నీటితో ఉంది. హుస్సేన్‌సాగర్‌లోకి ప్రధానంగా నాలుగు నాలాలు చేరతాయి: కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా. నాలా అంటే మొదట వాన నీటిని మోసిన సహజమైన వాగు. నగరం పెరిగాక మురుగు కూడా అందులోనే కలిసింది. కూకట్‌పల్లి నాలా జీడిమెట్ల, బాలానగర్ పారిశ్రామిక ప్రాంతాల వ్యర్థాలను దశాబ్దాల పాటు సాగర్‌కు తెచ్చింది. ఆ చెరువు ఒకప్పుడు నగరానికి తాగునీరు ఇచ్చేదని, ఇప్పుడు దాని ఒడ్డున కోట్లు పెట్టి కొన్న ఫ్లాటుకు సైతం మంజీరా, కృష్ణా, గోదావరి జలాలు గొట్టాల ద్వారా ఎంతో దూరం నుంచి రావలసిందేనని గుర్తుంచుకోవడం మంచిది.

ఈ నాలాల దారిని కాగితం మీద గీసి చూస్తే పేటల గుణగణాలు చాలావరకు అర్థమవుతాయి. కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా సాగర్‌ను చేరుకునే తోవలో బేగంపేట ప్రాంతం ఉంది. భారీ వాన కురిసినప్పుడు బ్రాహ్మణవాడి, ప్రకాశ్‌నగర్, అల్లంతోట బావి, మయూరి మార్గ్ వంటి చోట్ల నీరు చేరిందన్న వార్తలు తరచూ వినిపించడానికి అదే కారణం. బంజారాహిల్స్ కొండల మీద పడిన వాన బంజారా చెరువును, నాలాను, వాటితో పాటు రోడ్లను కూడా దారి చేసుకుని పంజాగుట్ట, సోమాజిగూడల మీదుగా సాగర్‌కు దిగుతుంది. రాజ్‌భవన్ రోడ్డుకు, చెరువుకు మధ్య ఖైరతాబాద్ నుంచి నెక్లెస్ రోడ్డు మీదుగా బేగంపేటకు వెళ్లే ఎంఎంటీఎస్ రైలు మార్గం కట్టలా అడ్డంగా ఉండటం వల్ల, పైనుంచి వచ్చిన నీరంతా దాని కింద ఉన్న ఇరుకైన కల్వర్టుల్లోంచి దూరి పోవలసి వస్తుంది. లేక్ వ్యూ అతిథిగృహం పరిసరాలు గంటసేపు వాన పడగానే మోకాలి లోతు నీటిలో కనిపించడం నగరవాసులకు కొత్త కాదు. సాగర్ అంత దగ్గరలో ఉండి కూడా నీరు అందులోకి వెంటనే చేరలేకపోవడం చెరువు ఒడ్డు జీవితంలోని ఒక వింత.

అమీర్‌పేటలో మైత్రీవనం కూడలి, పంజాగుట్టలో మోడల్ హౌస్ ప్రాంతం కూడా ఇటువంటి పల్లాలే. కనుచూపు మేరలో చెరువు లేకపోయినా ఇవి చెరువు వ్యవస్థలో భాగమేనని 2020 అక్టోబరు 13, 14 తేదీల వాన మరోసారి చూపించింది. అప్పుడు బేగంపేటలో ఒక రోజులో 19 సెంటీమీటర్లకు పైగా వర్షం నమోదైంది. అమీర్‌పేట నేల అడుగున నీటికి ఉన్న సాన్నిహిత్యానికి బల్కంపేట ఎల్లమ్మ గుడి ఇంకొక ఆనవాలు: అక్కడ అమ్మవారు నేలమట్టానికి బాగా కిందుగా, ఒకనాటి బావిలో కొలువై ఉంటుంది, అక్కడి ఊటనీటినే భక్తులు తీర్థంగా భావిస్తారు. భక్తికి సంబంధించిన ఆ విషయాన్ని ఇంటి వెతుకులాటకు వాడుకోవడం అపచారం కాదనుకుంటే, ఆ చుట్టుపక్కల భవనాల్లో సెల్లారు, అంటే నేల కింద కట్టిన పార్కింగ్ అంతస్తు, ఎంత పొడిగా ఉందో చూడకుండా ఒప్పందానికి పోకూడదు. సెల్లారు గోడల మీద నేల నుంచి సమానమైన ఎత్తులో ఒక చార కనిపిస్తే అది పాత ముంపు గుర్తు. మూలలో నీరు తోడే మోటారు శాశ్వతంగా బిగించి ఉంటే అడగవలసిన ప్రశ్నకు జవాబు అప్పటికే దొరికినట్టు. లిఫ్టు గుంట, జనరేటరు దిమ్మె, విద్యుత్తు మీటర్ల బోర్డు ఎంత ఎత్తులో ఉన్నాయో గమనించడం కూడా అవసరమే, ఎందుకంటే ఐదో అంతస్తులో ఉన్న కుటుంబం ఇంట్లోకి వరద రాకపోయినా సెల్లారు మునిగిన రోజున లిఫ్టు, కరెంటు, సంపు నీరు మూడూ ఒకేసారి పోతాయి.

నిజాం కాలపు ప్రభువులు ఈ లెక్కను సహజంగానే గ్రహించినట్టున్నారు. నవాబ్ ఫక్రుల్ ముల్క్ తన ఎర్రమంజిల్ సౌధాన్ని చెరువు అంచున కాక, పంజాగుట్టకు ఆనుకుని ఉన్న గుట్ట మీద కట్టించుకున్నాడు. దూరం నుంచి నీటిని చూస్తూ, వాన నీటిని మాత్రం కిందికి జారిపోనిచ్చే ఆ పద్ధతి ఇవాళ్టి మధ్యతరగతి, ఎగువ మధ్యతరగతి కుటుంబానికి కూడా చెరువును ఆనుకుని ఉండటం కంటే మేలైనదని చెప్పడానికి సంకోచించనక్కర లేదు. ఎర్రమంజిల్ పరిసరాల్లో, పంజాగుట్ట మెరక వీధుల్లో ఇల్లు తీసుకున్నవారు ఉదయపు నడకకు నెక్లెస్ రోడ్డు చేరుకోవడం తేలిక. 2018 సెప్టెంబరు నుంచి మియాపూర్, ఎల్బీనగర్‌ల మధ్య నడుస్తున్న మెట్రో ఎర్రమంజిల్, పంజాగుట్ట, అమీర్‌పేట స్టేషన్లలో ఆగుతుంది, అమీర్‌పేటలో నాగోలు, రాయదుర్గం మార్గానికి మారవచ్చు. సరిగ్గా ఒడ్డున ఉన్న ఇంటికి ఈ సౌకర్యం ఆటో ఎక్కితే తప్ప అందదు.

గీతకు అటూ ఇటూ

చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే గరిష్ఠ హద్దును పూర్తి నీటిమట్టం అంటారు. కార్యాలయాల్లో, పత్రికల్లో దాన్నే ఎఫ్‌టీఎల్ అని రాస్తున్నారు. హుస్సేన్‌సాగర్‌కు ఇది సముద్రమట్టానికి 513.41 మీటర్ల ఎత్తు. ఆ హద్దు లోపల నిర్మాణం నిషిద్ధం. దానికి బయట కూడా కొంత మేర ఖాళీగా వదలాలి, దాన్ని బఫర్ జోన్ అంటారు. 2012 ఏప్రిల్ 7న వెలువడిన భవన నిర్మాణ నియమాల ఉత్తర్వు, అంటే జీవో 168 ప్రకారం, 10 హెక్టార్లు లేదా అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు, 10 మీటర్లకు మించిన వెడల్పు గల నాలాకు 9 మీటర్లు, అంతకు లోపు వెడల్పు గల నాలాకు 2 మీటర్లు వదలవలసి ఉంటుంది. అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల్లో కొనేవారికి ఈ చివరి రెండు అంకెలే ఎక్కువ అవసరం, ఎందుకంటే అక్కడ చెరువు దూరంగా ఉన్నా నాలా పెరటి గోడ వెనుకే ఉండవచ్చు, పైన పలకలు కప్పి ఉంటే అది నాలా అన్న సంగతే తెలియకపోవచ్చు.

అనుమతి పత్రం చేతిలో ఉంటే ఈ గీతల గురించి బెంగ లేదన్న నమ్మకం 2024లో బాగా సడలింది. ఆ ఏడాది జూలైలో ప్రభుత్వం చెరువులు, ప్రభుత్వ స్థలాల రక్షణకు హైడ్రా అనే సంస్థను ఏర్పాటు చేసింది. ఆగస్టులో మాదాపూర్ దగ్గరి తమ్మిడికుంటలో ఒక ప్రసిద్ధ సభామందిరం కూల్చివేతకు గురైంది. అదే నెలలో దుర్గం చెరువు చుట్టూ ఉన్న అమర్ సొసైటీ, నెక్టార్ గార్డెన్స్, డాక్టర్స్ కాలనీ, కావూరి హిల్స్ వంటి ఖరీదైన కాలనీల ఇళ్లకు పూర్తి నీటిమట్టం లోపల ఉన్నాయంటూ రెవెన్యూ అధికారుల నోటీసులు అందాయి. నివాసం ఉంటున్న ఇళ్లను కూల్చబోమని హైడ్రా తరువాత ప్రకటించినా, గోడ మీద నోటీసు అంటించిన ఇంటిని అమ్మడం, దాని మీద బ్యాంకు రుణం తెచ్చుకోవడం ఎంత కష్టమో ఊహించడానికి ఎక్కువ అనుభవం అవసరం లేదు. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీరిచ్చిన దుర్గం చెరువు ఒడ్డున, తీగల వంతెన వెలుగుల ఎదుట, నగరంలోనే ఎక్కువ ధర పలికే స్థలాల్లో ఇలా జరిగింది కాబట్టి, ధర ఎక్కువగా ఉండటం హక్కు గట్టిగా ఉన్నట్టు కాదని గ్రహించాలి.

అందువల్ల సర్వే నంబరు చేతికి రాగానే చేయవలసిన మొదటి పని హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ, అంటే హెచ్‌ఎండీఏ చెరువుల విభాగం ప్రచురించిన పటాల్లో ఆ స్థలం గీతకు ఏ వైపు ఉందో చూడటం. ఆ పటాలకు రెండు దశలు ఉన్నాయి: అభ్యంతరాలు స్వీకరించడానికి విడుదల చేసేది ప్రాథమిక ప్రకటన, వాటిని పరిశీలించాక వచ్చేది తుది ప్రకటన. ప్రాథమిక దశలోనే ఉన్న చెరువు పక్కన కొనడం అంటే గీత ఇంకా కదిలే అవకాశం ఉన్న చోట కొనడం. ఇక ఈసీ, అంటే స్థలం మీద గతంలో జరిగిన లావాదేవీలను తెలిపే రిజిస్ట్రేషన్ శాఖ ధ్రువపత్రం, నిర్మాణం అనుమతి ప్రకారం పూర్తయిందని చెప్పే ఓసీ, కొత్త ప్రాజెక్టు అయితే స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా ఇచ్చే నమోదు సంఖ్య, వీటి గురించి ప్రతి న్యాయవాదీ చెబుతాడు, ఇక్కడ విస్తరించనక్కర లేదు. అయితే న్యాయవాదికి ఇచ్చే ప్రశ్నల జాబితాలో శిఖం, నాలా, బఫర్ అన్న మాటలు కొనేవారే రాసి ఇవ్వాలి. అడగకపోతే చాలా నివేదికలు యాజమాన్యపు గొలుసును మాత్రమే పరిశీలించి ఊరుకుంటాయి.

నీటి అంచున కట్టడాలకు హద్దు గీసే ఈ పనినే విశాఖలో తీరప్రాంత నియంత్రణ నియమాలు చేస్తాయి. అమెరికాలో ఇళ్లు కొంటున్న తెలుగు కుటుంబాలకు ఇది మరో రూపంలో పరిచయమే: అక్కడ ఫెమా అనే ప్రభుత్వ సంస్థ వరద ముప్పు పటాలను ప్రచురిస్తుంది, ముప్పు ఎక్కువగా ఉన్న మండలంలో బ్యాంకు రుణానికి సాధారణంగా వరద బీమా తప్పనిసరి. అక్కడ ఆ పటం చూడకుండా సంతకం పెట్టని బంధువులు ఇక్కడ సోమాజిగూడలో ఫ్లాటు కొనేటప్పుడు మాత్రం వీడియో కాల్‌లో బాల్కనీ చూసి తృప్తిపడటం విచారకరం.

దృశ్యానికి కూడా ఆయుర్దాయం ఉంటుంది. హైదరాబాదులో 2006 నాటి జీవో 86 తరువాత, స్థల విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితి, అంటే ఇతర నగరాల్లో ఎఫ్‌ఎస్‌ఐ అనే లెక్క, వర్తించడం లేదు. భవనం ఎత్తు ముఖ్యంగా ఎదుటి రోడ్డు వెడల్పు మీద, స్థలం పరిమాణం మీద ఆధారపడుతుంది. బేగంపేట విమానాశ్రయం నుంచి 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిపోయినా, అది ఇంకా వాడుకలో ఉన్నందున ఈ ప్రాంతంలో ఎత్తుకు విమానాశ్రయ సంస్థ అనుమతి కూడా కావాలి, అది కొంత అడ్డుకట్ట. ఏమైనా, కొనబోయే ఫ్లాటుకు, చెరువుకు మధ్య విశాలమైన ఆవరణలో ఒక పాత బంగళా, దాని ముందు వెడల్పైన రోడ్డు ఉన్నాయంటే, ఆ దృశ్యం బంగళా వారసులు ఒక మాట మీదికి వచ్చే దాకా మాత్రమే. ఎదుట చట్టబద్ధంగా లేచే భవనాన్ని తమకు నీరు కనిపించడం లేదన్న కారణంతో ఆపించడం దాదాపు అసాధ్యం. మధ్యలో రైలు మార్గమో, ఉద్యానవనమో, ప్రభుత్వ భవనమో ఉన్న ఇళ్లకు ఈ విషయంలో కొంత స్థిరత్వం ఉంటుంది. రైలు చప్పుడు దానికి చెల్లించే మూల్యం.

ఒడ్డు దగ్గర జరిగే సామూహిక జీవనాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. వినాయక నిమజ్జనం రోజున ఖైరతాబాద్, సోమాజిగూడ, నెక్లెస్ రోడ్డు పరిసరాల్లో ఇంటి నుంచి కారు తీయడం సాధ్యం కాదు. 1954 నుంచి కొలువు తీరుతున్న ఖైరతాబాద్ గణపతిని చూడటానికి వచ్చే జనం అంతకు ముందు పది రోజులూ ఉంటారు. పీపుల్స్ ప్లాజా వద్ద ఆదివారం తెల్లవారుజామున పరుగు పందేలు జరిగినప్పుడు దారులు మళ్లిస్తారు. దీన్ని సందడిగా భావించే కుటుంబం ఉంటుంది, శిక్షగా భావించే కుటుంబమూ ఉంటుంది. నిమ్స్ వంటి ఆసుపత్రికి తరచూ వెళ్లవలసిన పెద్దవారు ఇంట్లో ఉంటే మాత్రం అభిరుచికి తావు లేదు. అమీర్‌పేట వైపు సందడి మరో రకం. సాఫ్ట్‌వేర్ శిక్షణ సంస్థల కోసం వచ్చే యువతీయువకులతో ఎస్సార్‌నగర్ వరకు వీధులన్నీ హాస్టళ్లతో నిండి ఉన్నాయి. అక్కడ నీటి ట్యాంకర్ల రాకపోకలు, పార్కింగ్ తగాదాలు సాధారణం, కానీ రాత్రి పదకొండు గంటలకు కూడా వేడి ఇడ్లీ, మందుల దుకాణం, నమ్మకమైన జనసంచారం ఉంటాయి. ఒంటరిగా ఉండే ఉద్యోగినికి చెరువు దృశ్యం కంటే ఇది విలువైనది కావచ్చు.

కొనాలన్న తొందర లేనివారు ముందు అదే వీధిలో అద్దెకు దిగడం అన్నింటికంటే చవకైన పరీక్ష. వాడుకలో ఉన్న 11 నెలల అద్దె ఒప్పందాన్ని జూన్ మొదటి వారంలో మొదలుపెడితే నైరుతి రుతుపవనాల వానలు, నిమజ్జనం, అక్టోబరు కుండపోతలు, చలికాలపు తూర్పు గాలి, ఏప్రిల్ నాటి దోమలు, నీటి ఎద్దడి అన్నీ ఆ గడువులోనే వస్తాయి. అద్దెకు కూడా వీలుకానివారు భారీ వాన ఆగిన గంటలోపు ఆ వీధికి నడిచి వెళ్లి, కాపలాదారును, మూల మీది కిరాణా కొట్టాయనను, ఇస్త్రీ బండి వాళ్లను వేరువేరుగా అడగాలి. 2020లో నీళ్లు వచ్చాయా అని అడిగితే లేదనే సమాధానమే ఎక్కువగా వస్తుంది. ఆ రాత్రి కార్లు, స్కూటర్లు ఎక్కడికి తీసుకువెళ్లి పెట్టారని అడిగితే నీరు ఎంతవరకు వచ్చిందో గోడ మీద చేత్తో చూపిస్తారు.